కోల్డ్ స్ప్రే రాగి పూతల మైక్రోస్ట్రక్చర్: తరచుగా అడిగే ప్రశ్నలు

కోల్డ్ స్ప్రే అంటే లోహపు పొడిని కరిగించకుండా, అతివేగంగా కొట్టి పూతగా పేర్చే పద్ధతి. మైక్రోస్ట్రక్చర్ అంటే మైక్రోస్కోప్ కింద కనిపించే ఆ పూత లోపలి నిర్మాణం. ఈ జవాబులు ముఖ్యంగా రాగి పూతల గురించి. కోల్డ్ స్ప్రేలో అందరికన్నా మాట వినే లోహం రాగే. దాని మైక్రోస్కోప్ ఫోటోలు చదవడం వస్తే అల్యూమినియం, టైటానియం పూతల్లో తేడా ఎక్కడుందో పట్టుకోవడం కష్టం కాదు. ఆ తేడాల గురించి చివర్లో కొంత ఉంది.

లోహం కరగకుండానే ఎలా అంటుకుంటుంది?

నైట్రోజన్ లేదా హీలియంను 30 నుంచి 60 బార్ల ఒత్తిడికి తెచ్చి, కొన్ని వందల డిగ్రీలు వేడిచేసి, మధ్యలో ఇరుకుగా ఉండి మళ్లీ విచ్చుకునే డి లావాల్ నాజిల్ గుండా వదులుతారు. గ్యాస్ ధ్వని వేగాన్ని దాటుతుంది. అందులో వేసిన 15–45 మైక్రాన్ల రేణువులు సెకనుకు 500 నుంచి 1,000 మీటర్ల వేగంతో వెళ్లి ఉపరితలాన్ని కొడతాయి. గ్యాస్‌ను వేడిచేసేది పొడిని కరిగించడానికని చాలామంది అనుకుంటారు. అసలు ఉద్దేశం వేగం పెంచడం. నాజిల్‌లో వ్యాకోచించేటప్పుడు గ్యాస్ మళ్లీ చల్లబడుతుంది, రేణువు తన ద్రవీభవన స్థానానికి చాలా కిందే ఉంటుంది.

ఢీకొనడం పదుల నానోసెకన్లలో ముగుస్తుంది. స్ట్రెయిన్ రేటు, అంటే లోహం ఆకారం మారే వేగం, రేణువు అంచు దగ్గర సెకనుకు 10⁹ స్థాయికి చేరుతుంది. అంత తక్కువ సమయంలో పుట్టిన వేడి పక్కకు పోలేదు. అక్కడి లోహం గట్టిపడే వేగాన్ని మెత్తబడే వేగం మించిపోయి, అంచు జారి, పల్చటి జెట్‌గా బయటికి చిమ్ముతుంది. పైనున్న ఆక్సైడ్ పొర పగిలి ఆ జెట్‌తో పాటు కొట్టుకుపోతుంది. అడుగున బయటపడ్డ శుభ్రమైన లోహం, ఎదుటి శుభ్రమైన లోహంతో నేరుగా కలుస్తుంది. బంధం అంటే ఇదే.

జెట్ ఎందుకు పుడుతుందన్న దాని మీద వాదన ఇంకా తెగలేదు. 2003లో అస్సాది అనే పరిశోధకుడి బృందం అడయాబాటిక్ షియర్ అస్థిరత (వేడి బయటికి పోక లోహం మెత్తబడి జారిపోవడం) కారణమంది. 2018లో ఎంఐటీ పరిశోధకులు, ఢీకొన్నప్పటి షాక్ ఒత్తిడి అంచు దగ్గర విడుదలవడమే చాలు, షియర్ అస్థిరత అక్కర్లేదన్నారు. మైక్రోస్కోప్ ముందు కూర్చున్నవారికి రెండింట్లో ఏది నిజమైనా జెట్ జెట్టే.

క్రిటికల్ వెలాసిటీ అంటే?

దాని కంటే తక్కువ వేగంతో వెళ్లిన రేణువు గుంట పెట్టి వెనక్కి ఎగిరిపోతుంది, దాటితే అంటుకుంటుంది. 25 మైక్రాన్ల ప్రాంతపు రాగి రేణువుకు ఇది సుమారు 500–570 మీ/సె. ఇది లోహానికున్న స్థిరాంకం కాదు. రేణువు సైజు, దాని వేడి, మీద ఆక్సైడ్ ఎంతుందనే వాటిని బట్టి మారుతుంది. వేగం మరీ పెరిగితే పూత పేరడం మాని కోతపడడం మొదలవుతుంది.

ఎచింగ్ చేసిన క్రాస్‌ సెక్షన్‌లో ఏం చూడాలి?

కోసి పాలిష్ చేసిన ముఖాన్ని హద్దులు కనబడేలా రసాయనంతో (ఎచెంట్) కాస్త తినిపించడమే ఎచింగ్. ముందు 200× దగ్గర మొత్తం మందం చూడండి. రేణువులు గోడకు కొట్టిన పిడకల్లా అడ్డంగా చదునై, అంచులు పల్చబడి, ఒకదాని వంపులో ఇంకొకటి కుదురుకుని ఉంటాయి. ఇప్పుడు 1000×కి వెళ్లి ఒక్క రేణువును ఎంచుకోండి. మధ్యలో పొడి తయారైనప్పటి గ్రెయిన్లు (లోహంలోని స్ఫటికాలు) దాదాపు అలాగే, కాస్త వంగి కనిపిస్తాయి. అంచుకు వస్తున్న కొద్దీ అవి సాగి, గీతల్లా మారి, హద్దు దగ్గర ఆప్టికల్ మైక్రోస్కోప్‌కు విడదీయడం చేతకానంత సన్నబడతాయి. రేణువు కింది భాగం, పై భాగం కూడా ఒకేలా ఉండవు. కింది వైపు అది ఢీకొన్నప్పటి వికారం, పై వైపు తర్వాత వచ్చిన రేణువు కొట్టిన దెబ్బ.

తర్వాత హద్దు గీతను దాని పొడవునా అనుసరించండి. బాగా అతికిన చోట గీత సన్నగా, తెగుతూ, కొన్నిచోట్ల మాయమవుతూ ఉంటుంది. రేణువు అడుగున సరిగ్గా మధ్య బిందువు దగ్గర గీత తరచూ మందంగా కనిపిస్తుంది. అక్కడ లోహం పక్కకు జారదు కాబట్టి ఆక్సైడ్ కదలక మిగిలిపోతుంది, బంధం బలహీనం. అంచుల్లో జెట్ ఉన్నచోట గట్టి బంధం. పూత నాణ్యత అంతా ఈ గీతలోనే ఉంటుంది. పోరాసిటీ (రంధ్రాల) శాతం ఒక్కటే చూసి పూత మంచిదని తేల్చే రిపోర్టుల్ని నమ్మకపోవడం మంచిది. 0.5% కంటే తక్కువ రంధ్రాలున్న రాగి పూత కూడా రేణువుల హద్దుల వెంట పెళుసుగా విరగగలదు.

శాంపిల్ ఎలా తయారుచేయాలి?

తప్పుడు నిర్ణయాల్లో ఎక్కువ భాగం పుట్టేది ఇక్కడే. రాగి మెత్తన. గట్టిగా రుద్దితే లోహం సాగి రంధ్రాల్ని కప్పేస్తుంది, పూత అబద్ధపు సాంద్రత చూపిస్తుంది. హద్దులు బలహీనంగా ఉన్న పూతలో దీనికి విరుద్ధం: రేణువులు ఊడిపోయి, లేని రంధ్రాలు కనిపిస్తాయి.

కోయడానికి తక్కువ వేగంతో తిరిగే ప్రెసిషన్ కట్టర్, నీళ్ల కూలెంట్ వాడండి. బ్లేడ్ పూత వైపు నుంచి లోపలికి, అంటే బేస్ మెటల్ (పూత కింది అసలు లోహం) దిశగా దిగాలి. అటువైపు నుంచి కోస్తే బ్లేడ్ పూతను లాగి లేపేస్తుంది. తర్వాత ఎసిటోన్‌లో అల్ట్రాసోనిక్ క్లీనింగ్ చేసి, బాగా ఆరబెట్టండి. రంధ్రాల్లో తడి మిగిలితే రెసిన్ లోపలికి పోదు.

మౌంటింగ్‌కు (శాంపిల్‌ను రెసిన్ దిమ్మలో బిగించడానికి) వేడి బేకలైట్ ప్రెస్ కాకుండా, పల్చటి ఎపాక్సీని వ్యాక్యూమ్‌లో పోయండి. ఎపాక్సీ రంధ్రాల్ని నింపి వాటి అంచుల్ని కాపాడుతుంది, ప్రెస్ ఒత్తిడికి పూత దెబ్బతినే భయమూ ఉండదు. గట్టిపడడానికి డబ్బా మీద రాసిన పూర్తి సమయం ఇవ్వండి.

గ్రైండింగ్ సిలికాన్ కార్బైడ్ పేపర్ మీద 320, 600, 1200 వరుసలో. ప్రతి మెట్టులోనూ ముందు మెట్టు గీతలు పోయాక ఇంకాసేపు ఆపకుండా కొనసాగించాలి, ఎందుకంటే గీత కింద దెబ్బతిన్న పొర కంటికి కనిపించదు. తర్వాత 9, 3, 1 మైక్రాన్ల డైమండ్, చివర 0.05 మైక్రాన్ల కొలాయిడల్ సిలికా. మెట్టు మెట్టుకూ శాంపిల్‌ను, చేతుల్ని కూడా కడుక్కోవాలి. ఒక్క 9 మైక్రాన్ల డైమండ్ రేణువు చివరి క్లాత్ మీదకు వస్తే ఆ క్లాత్ ఇక పనికిరాదు.

తయారీ సరిగ్గా కుదిరిందా అన్నదానికి సులువైన పరీక్ష ఒకటుంది. చివరి మెట్టును మరి కొన్ని నిమిషాలు పొడిగించి పోరాసిటీ మళ్లీ కొలవండి. అంకె మారకపోతే మీరు చూస్తున్నది పూతను. మారుతూ ఉంటే మీరు చూస్తున్నది మీ పాలిషింగ్‌ను. వేడితో కరిగించి చల్లే థర్మల్ స్ప్రే పూతల శాంపిల్ తయారీకి ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ ఇచ్చిన ఇ-1920 గైడ్ ఉంది. కోల్డ్ స్ప్రేకూ అదే ఆధారంగా వాడతారు.

ఏ ఎచెంట్ వాడాలి?

రేణువుల హద్దులు, గ్రెయిన్లు రెండూ చూడాలంటే అమోనియా–పెరాక్సైడ్ మిశ్రమం: అమోనియా ద్రావణం 25 మి.లీ., నీళ్లు 25 మి.లీ., 3% హైడ్రోజన్ పెరాక్సైడ్ 25 మి.లీ. దూదితో తుడుస్తూ కొన్ని సెకన్లు చాలు. అప్పటికప్పుడు కలిపి వాడి పారబోయండి. పెరాక్సైడ్ బలం తగ్గిపోతుంది కాబట్టి నిల్వ ఉంచినది పనిచేయదు, మూతపెట్టి ఉంచితే సీసాలో గ్యాస్ పేరుకుంటుంది. కాంట్రాస్ట్ ఎక్కువ కావాలంటే 5 గ్రాముల ఫెర్రిక్ క్లోరైడ్, 10 మి.లీ. హైడ్రోక్లోరిక్ ఆమ్లం, 100 మి.లీ. నీళ్లు. ఇది దూకుడు ఎచెంట్. కోల్డ్ స్ప్రే హద్దుల్లో నిల్వ ఉన్న శక్తి ఎక్కువ కనుక అవి మామూలు రాగి కంటే ముందే తినబడతాయి.

నల్ల గీతలు కనిపిస్తున్నాయి. అవి పగుళ్లా, ఎచింగ్ ఎక్కువైందా?

ఎచింగ్‌కు ముందు తీసిన ఫోటో లేకపోతే చెప్పలేం. అందుకే ప్రతి శాంపిల్‌కూ పాలిష్ చేసిన స్థితిలో ఒక సెట్, ఎచింగ్ తర్వాత అదే చోట ఇంకో సెట్ ఉండాలి. మొదటి దాంట్లోనూ గీత ఉంటే అది నిజమైన ఖాళీ. రెండోదాంట్లో మాత్రమే ఉంటే ఎచెంట్ తిన్న హద్దు. పోరాసిటీని ఎప్పుడూ ఎచ్ చేయని ఉపరితలం మీదే కొలవాలి.

పోరాసిటీ ఎలా కొలవాలి? ఒకే పూతకు రెండు ల్యాబుల్లో రెండు అంకెలు ఎందుకొస్తాయి?

ఏఎస్‌టీఎం ఇ-2109 ప్రకారం ఫోటోలో రంధ్రాల వైశాల్య శాతం తీస్తారు. కనీసం పది చోట్ల, పూత మందం పొడవునా పంచి ఫోటోలు తీయండి. అంకెలు తేడా రావడానికి మొదటి కారణం పాలిషింగ్, రెండోది గ్రే స్థాయి థ్రెషోల్డ్ (ఎంత నలుపును రంధ్రంగా లెక్కించాలన్న గీత) ఎక్కడ పెట్టారన్నది, మూడోది మాగ్నిఫికేషన్. 200×లో కనిపించని సబ్‌మైక్రాన్ ఖాళీలు ఎస్‌ఈఎంలో (స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) కనిపిస్తాయి. రిపోర్టులో ఈ మూడూ రాయని శాతానికి విలువ లేదు.

ఇంకొకటి. పూత పై పొర ఎప్పుడూ కాస్త గుల్లగానే ఉంటుంది. కింది పొరల్ని తర్వాత వచ్చిన రేణువులు కొట్టి కుదిస్తాయి, చివరి పొరను కొట్టడానికి ఎవరూ ఉండరు. ఆ పొరను మెషినింగ్‌లో తీసేసేటట్టయితే కొలతలో కలపనక్కర్లేదు. కానీ కలపలేదని రాయాలి.

రంధ్రాలు ఉన్న చోటును బట్టి కారణం చెప్పవచ్చా?

చాలావరకు చెప్పవచ్చు. మూడు రేణువులు కలిసే మూలల్లో, పూత అంతటా సమంగా ఉంటే వేగం చాల్లేదు: గ్యాస్ ఒత్తిడి, ఉష్ణోగ్రత పెంచాలి. సమాన దూరాల్లో చారలుగా ఉంటే నాజిల్ పాస్‌లు ఒకదాని మీదికి ఒకటి సరిగా పడని ఓవర్‌ల్యాప్ సమస్య. ఒక్కో ట్రాక్ మధ్యలో ఎత్తుగా, పక్కలకు వాలుగా పేరుతుంది, ఆ వాలు మీద రేణువులు ఏటవాలుగా తగులుతాయి. స్టెప్ (పక్కపక్క ట్రాక్‌ల మధ్య దూరం) తగ్గిస్తే ట్రాక్ చదునవుతుంది. 6 మి.మీ. ప్రాంతపు నాజిల్‌కు 1–2 మి.మీ. స్టెప్‌తో మొదలుపెట్టవచ్చు.

చదును కాకుండా గుండ్రంగానే మిగిలిన పెద్ద రేణువుల చుట్టూ ఖాళీలుంటే పొడిలో ముతక భాగం ఎక్కువ. బరువైన రేణువు చాలినంత వేగం అందుకోలేదు. 5 మైక్రాన్ల లోపు చిన్న రేణువులూ గుండ్రంగా మిగిలి కనిపిస్తాయి కానీ కారణం వేరు: ఉపరితలం ముందు ఏర్పడే బో షాక్ అనే గ్యాస్ ఒత్తిడి అలను దాటేటప్పుడు తేలికైన రేణువు వేగం పోగొట్టుకుంటుంది. రెండింటికీ మందు జల్లించడమే. బేస్ మెటల్‌ను ఆనుకుని ఖాళీలుంటే ఉపరితల తయారీ చూడండి.

ఒకే రేణువులో గ్రెయిన్ సైజు ఇంత తేడాగా ఎందుకు?

వికారం రేణువంతా సమానంగా జరగదు కాబట్టి. అంచుల్లో డిస్‌లొకేషన్లు (స్ఫటికంలోని వరుస లోపాలు) గుంపుకట్టి సబ్‌గ్రెయిన్లవుతాయి, అవి తిరిగి డైనమిక్ రీక్రిస్టలైజేషన్‌తో (వికారం జరుగుతుండగానే కొత్త స్ఫటికాలు పుట్టడం) కొన్ని వందల నానోమీటర్ల లేదా అంతకన్నా సన్నని గ్రెయిన్లవుతాయి. మధ్యభాగానికి ఆ వికారం అందదు. ఈబీఎస్‌డీ (ఎలక్ట్రాన్లతో గ్రెయిన్ల దిశను గుర్తించే పద్ధతి) మ్యాప్‌లో హద్దుల వెంట నల్లటి, దిశ తేలని (ఇండెక్స్ కాని) పట్టీలు కనిపిస్తే అవి రంధ్రాలని రాసేయకండి. అక్కడి లాటిస్ (పరమాణువుల అమరిక) బాగా నలిగిపోవడం వల్ల, గ్రెయిన్లు స్టెప్ సైజు (కొలత బిందువుల మధ్య దూరం) కంటే చిన్నవవడం వల్ల సిగ్నల్ రాదు. స్టెప్‌ను 50 నానోమీటర్లకు తగ్గించి, శాంపిల్‌ను వైబ్రేటరీ పాలిషింగ్ లేదా అయాన్ మిల్లింగ్‌తో ముగిస్తే పట్టీ సన్నబడుతుంది. ఇంకా లోపలికి చూడాలంటే టీఈఎం (ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) తప్పదు.

గ్రెయిన్ సైజుకు ఒక్క సగటు అంకె ఇవ్వడం ఈ పూతల్లో అర్థం లేని పని. డిస్ట్రిబ్యూషన్ ఇవ్వండి.

గాలిలో స్ప్రే చేసినా ఆక్సైడ్ పెరగదంటారు. మరి పూతలో ఆక్సిజన్ ఎక్కడిది?

పొడిలోది. ప్రయాణంలో కొత్తగా చేరేది చాలా తక్కువ. అందుకే పూత మీద డబ్బు ఖర్చుపెట్టే ముందు పొడిని ఎపాక్సీలో పోసి, పాలిష్ చేసి, ఎచ్ చేసి చూడాలి. పొడి ఫోటో పక్కన లేకుండా పూత ఫోటోకు అర్థం చెప్పడం కష్టం. పూతలోని ఏ గ్రెయిన్ పాతదో, ఏది కొత్తదో తేలదు. ఆక్సిజన్ విశ్లేషణ కూడా చేయించండి. ఆక్సైడ్ మందమైతే క్రిటికల్ వెలాసిటీ పెరుగుతుంది, పగిలిన ముక్కలు హద్దుల్లో ఇరుక్కుంటాయి. తెరిచిన డబ్బాను ఆర్గాన్ లేదా వ్యాక్యూమ్‌లో మూసిపెట్టాలి. వానాకాలంలో తెరిచి వదిలేసిన రాగి పొడి రంగు మారిందంటే దాన్ని ట్రయల్ షాట్లకు కూడా వాడకండి, ఫలితాలు దారి తప్పిస్తాయి.

నైట్రోజన్, హీలియం: ఫోటోలో తేడా తెలుస్తుందా?

తెలుస్తుంది. గది ఉష్ణోగ్రతలో ధ్వని వేగం నైట్రోజన్‌లో సుమారు 350 మీ/సె, హీలియంలో 1,000 మీ/సె. అదే నాజిల్‌లో హీలియం రేణువును చాలా ఎక్కువ వేగానికి తీసుకెళ్తుంది. పూతలో రేణువులు మరింత చదునుగా, హద్దులు తెగిపోయి, సన్న గ్రెయిన్ల పట్టీ వెడల్పుగా కనిపిస్తాయి. హీలియం ఖర్చు భరించలేం కాబట్టి, మొదటి పొర హీలియంతో వేసి మిగతా మందాన్ని నైట్రోజన్‌తో పూర్తిచేయడం ఒక దారి. రాగికి చాలా పనుల్లో వేడి నైట్రోజనే సరిపోతుంది.

స్ప్రే చేసిన పూత మామూలు రాగి కంటే గట్టిగా, కానీ పెళుసుగా ఎందుకుంటుంది?

గట్టిదనం వర్క్ హార్డెనింగ్‌ది (దెబ్బలకు లోహం గట్టిపడడం): పూత 120–150 హెచ్‌వి (వికర్స్ గట్టిదనపు కొలత) ఉంటుంది, మెత్తబరిచిన రాగి అందులో సగం కూడా ఉండదు. పెళుసుదనానికి కారణం రెండు. లోహంలో ఇక సాగే ఓపిక మిగలలేదు, పైగా పగులుకు హద్దుల వెంట సిద్ధమైన దారి ఉంది. విరిగిన ఉపరితలాన్ని ఎస్‌ఈఎంలో చూస్తే నున్నటి రేణువుల ఒంపులు, మధ్యమధ్యలో చిన్న డింపుల్స్ (లోహం సాగి తెగిన గుంటలు) కనిపిస్తాయి. డింపుల్స్ ఉన్నంత మేరే నిజంగా అతికింది. మైక్రోహార్డ్‌నెస్ కొలిచేటప్పుడు ఇండెంట్ ఒక్క రేణువు లోపల పడితే ఒక అంకె, హద్దు మీద పడితే ఇంకొకటి వస్తుంది. 100 గ్రాముల లోడ్‌తో కనీసం పది కొలతలు తీసి, చెదురు ఎంతో కూడా రాయండి.

అనీలింగ్ ఏ ఉష్ణోగ్రతలో? లోపల ఏం మారుతుంది?

అనీలింగ్ అంటే పూతను వేడిలో కాసేపు ఉంచి మెత్తబరచడం. నిల్వ శక్తి ఎక్కువ కాబట్టి రీక్రిస్టలైజేషన్ త్వరగా, ముందు హద్దుల దగ్గర మొదలవుతుంది. 300–400 డిగ్రీల సెల్సియస్‌లో గంట ఉంచితే కొత్త గ్రెయిన్లు, సూటి అంచుల అనీలింగ్ ట్విన్లు (అద్దంలో బింబంలా జతపడ్డ స్ఫటిక భాగాలు) కనిపిస్తాయి, గట్టిదనం బాగా పడిపోతుంది. 500–600 డిగ్రీల దగ్గర డిఫ్యూజన్‌తో హద్దులు పూడతాయి. వాటి వెంట ఉన్న ఆక్సైడ్ పొర తెగి చిన్న చిన్న గుండ్రటి చుక్కల వరుస అవుతుంది. ఆ చుక్కల వరుస కనిపిస్తే పాత హద్దు అక్కడే ఉండేదని అర్థం. సాగుదల తిరిగొస్తుంది, విద్యుత్ వాహకత కూడా పెరుగుతుంది. ఎలక్ట్రాన్లకు అడ్డుపడేది హద్దులే కనుక, పూత మందం దిశలో కంటే అడ్డంగా కొలిస్తే వాహకత ఎక్కువ చూపిస్తుంది.

వ్యాక్యూమ్ లేదా ఆర్గాన్‌లో చేయండి. హైడ్రోజన్ వద్దు. పూతలోని ఆక్సైడ్‌తో కలిసి ఆవిరి పుట్టి, బయటికి పోలేక హద్దుల్ని ఉబ్బించి చీలుస్తుంది. మంచి గ్యాసులో చేసినా కొన్నిసార్లు అనీలింగ్ తర్వాత రంధ్రాలు పెరిగినట్టు కనిపిస్తాయి. ముందు సన్న చీలికలుగా ఉన్నవి గుండ్రంగా మారి కంటికి ఆనుతాయి, లేదా పొడి మీది తేమ గ్యాసై ఉబ్బుతుంది. రెండోదాన్ని పొడిని ముందే ఆరబెట్టి తగ్గించవచ్చు.

పూత అంచుల్లో లేచిపోతోంది. మైక్రోస్ట్రక్చర్‌లో ఎక్కడ వెతకాలి?

బేస్ మెటల్ హద్దు మీద. గ్రిట్ బ్లాస్టింగ్ (గట్టి రేణువులతో కొట్టి గరుకు చేయడం) చేసిన ఉపరితలంలో ఇరుక్కున్న అల్యూమినా ముక్కలు ఎస్‌ఈఎం బ్యాక్‌స్కాటర్ ఫోటోలో ముదురు రంగు కోణాకారపు తునకలుగా కనిపిస్తాయి. అవి ఉన్నంత మేర లోహానికి లోహం తగలదు. బ్లాస్టింగ్‌కూ స్ప్రేకూ మధ్య సమయం తగ్గించండి. హద్దు శుభ్రంగా ఉండీ లేస్తుంటే మందంతో పాటు పేరుకునే అవశేష ఒత్తిడిని అనుమానించాలి: అంచులకు వాలు ఇవ్వడం, చుట్టూ మాస్క్ దాటి స్ప్రే చేసి తర్వాత కోయడం పనికొస్తాయి. పూతను జిగురుతో అతికించి లాగే ఏఎస్‌టీఎం సి-633 పుల్ టెస్టులో జిగురు దగ్గర తెగితే, పూత బలం ఆ అంకె కంటే ఎక్కువని మాత్రమే తెలిసినట్టు.

అల్యూమినియం, టైటానియం పూతలకూ ఇవే సూత్రాలా?

సూత్రాలు అవే, ఇబ్బందులు వేరు. అల్యూమినియం తేలిక, దాని ఆక్సైడ్ మొండి, పైగా వేడి నాజిల్ గోడకు అంటుకుని దారి మూసేస్తుంది. అందుకే ప్లాస్టిక్ నాజిళ్లు, నీటి కూలింగ్ వాడతారు. 6061 లాంటి అల్యూమినియం మిశ్రమ లోహాల పొడిలో మెగ్నీషియం, సిలికాన్ సెల్ హద్దుల్లో పేరుకుని ఉంటాయి. పొడికే ముందు సొల్యూషన్ ట్రీట్‌మెంట్ (వేడిచేసి వేగంగా చల్లార్చడం) చేస్తే అది సమమై, మెత్తబడి, మెరుగ్గా చదునవుతుంది. టైటానియం నైట్రోజన్‌తో స్ప్రే చేస్తే తేలిగ్గా అంటుకుంటుంది కానీ చదును కాదు, కాబట్టి రంధ్రాలు చాలా శాతం మిగులుతాయి. ఎచింగ్‌కు అల్యూమినియానికి కెల్లర్స్, టైటానియానికి క్రోల్స్ ఎచెంట్ వాడతారు. రెండింట్లోనూ హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది. ఆ ఆమ్లం తగిలితే రాసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందే దూరంలో లేని ల్యాబ్‌లో ఆ సీసా తెరవకండి.

ఈ పూతలు నిజంగా ఎక్కడ వాడుతున్నారు? మన దగ్గర పని జరుగుతోందా?

కెనడాలో వాడేసిన అణు ఇంధనాన్ని భూగర్భంలో ఉంచడానికి రూపొందించిన ఉక్కు పెట్టెలకు సుమారు 3 మి.మీ. రాగి పూత ఉంటుంది. ఎక్కువ భాగం ఎలక్ట్రోప్లేటింగ్, మూత వెల్డ్ చేసిన చుట్టు భాగం మాత్రం కోల్డ్ స్ప్రే. వేసిన తర్వాత అక్కడికక్కడే అనీల్ చేస్తారు, ఎందుకంటే అక్కడ కావలసింది గట్టిదనం కాదు, సాగుదల. ఈ కోల్డ్ స్ప్రే పద్ధతి 1980లలో రష్యాలోని నొవొసిబిర్స్క్‌లో పపీరిన్ బృందం చేతిలో పుట్టింది. మన దేశంలో హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ దీనిపై పరిశోధన చేస్తున్న సంస్థల్లో ఒకటి.

ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రే డిఫ్రాక్షన్) తీయిస్తే పొడికీ పూతకూ తేడా లేదు. టెస్టు వృథా అయిందా?

లేదు. కొత్త ఫేజ్ (వేరే స్ఫటిక పదార్థం) రాలేదన్నదే ఇక్కడ మంచి వార్త. ఆ తర్వాత గ్రాఫ్‌లోని పీక్‌ల వెడల్పు కొలవండి: పూతవి పొడి కంటే వెడల్పుగా ఉంటాయి, అనీలింగ్ తర్వాత మళ్లీ సన్నబడతాయి. రాగి ఆక్సైడ్ పీక్ కనిపించలేదని ఆక్సైడ్ లేదని మాత్రం రాయకండి. హద్దుల్లోని నానోమీటర్ల మందపు పొర ఎక్స్‌ఆర్‌డీకి దొరకదు. దానికి ఆక్సిజన్ విశ్లేషణో, టీఈఎమ్మో కావాలి.